ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుకు డబ్బు: ఏ దారిలో ఎంత, ఎప్పుడు, ఎవరి ఖాతాలో

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జూన్ ఆఖరు దాకా నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎప్పుడో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఉద్యోగంలో పడ్డాను కదా, చుట్టాల్లోనో వీధిలోనో ఎవరి పిల్లాడు ఐటీఐ అన్నా పాలిటెక్నిక్ అన్నా ముందు నన్నే అడుగుతారు. అందరూ అడిగేది ఒకటే, "స్కాలర్‌షిప్ ఎంత వస్తుంది?" అని. నేను మాత్రం "సీటు ఎక్కడొచ్చింది, కౌన్సెలింగ్‌లోనా, నేరుగానా?" అని తిరిగి అడుగుతాను. డబ్బు సంగతి సగం అక్కడే తేలిపోతుంది. మిగతా సగం ఎప్పుడు వస్తుంది, ఎవరి ఖాతాలో పడుతుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాగితం మీద ఏడాదికి ఇరవై వేలు కనిపించినా, అది రెండో ఏడాది పరీక్షలయ్యాక వస్తే మొదటి ఏడాది జూలైలో కట్టాల్సిన ఫీజుకు పనికిరాదు కదా. కాబట్టి కింద రాసిందంతా ఈ లెక్కలోనే చదవండి. ఏపీ, తెలంగాణ రెండూ కలిపే రాస్తున్నాను, తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు సీటు, తర్వాతే స్కాలర్‌షిప్

ప్రభుత్వ ఐటీఐలో సీటొస్తే ఫీజు పేరుకే ఉంటుంది. ఖర్చంతా బస్ పాస్, ఖాకీ డ్రెస్సు, షూ, డ్రాయింగ్ సామాను, మధ్యాహ్నం తిండి. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులతోనే సీటు. అందుకే ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సీట్లు మొదటి విడతలోనే అయిపోతాయి. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్: ప్రభుత్వ ఐటీఐలో వెల్డర్ వచ్చింది, ప్రైవేటులో ఎలక్ట్రీషియన్ ఇస్తామంటున్నారు, ఏది తీసుకోవాలి?

నన్నడిగితే, పిల్లాడికి కరెంటు పనే కావాలని గట్టిగా ఉంటే తప్ప వెల్డర్ వైపే మొగ్గుతాను. వెల్డర్ ఏడాది కోర్సు, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ఫీజు తేడా పక్కన పెట్టినా ఒక ఏడాది ముందే సంపాదనలో పడతాడు, ఒక ఏడాది బస్సు ఖర్చు తగ్గుతుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ లాంటి పోస్టు మీద కన్నుంటే ఎలక్ట్రీషియనో వైర్‌మనో చేసి ఉండాలి, వెల్డర్ సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. అలాంటి ఆలోచన ఉన్నవాళ్లు రెండో విడత, మూడో విడత కౌన్సెలింగ్ దాకా ఓపిక పట్టి, పక్క జిల్లాలో ప్రభుత్వ ఐటీఐకైనా ఆప్షన్ పెట్టడం మేలు. హాస్టల్ సంగతి కిందకు వచ్చాక చెబుతాను.

పాలిటెక్నిక్‌కు పాలీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కోర్సు మూడేళ్లు. ఏపీలో ప్రభుత్వ, ఎయిడెడ్ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు రూ.4,700, ప్రైవేటులో రూ.25,000. ఇక్కడో గొయ్యి ఉంది, ఏటా ఎవరో ఒకరు అందులో పడతారు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. కాలేజీ వాళ్లు ఆప్యాయంగా ఫోన్ చేసి "రండి, సీటుంది" అంటారు. స్పాట్‌లో చేరినవాళ్లకు, మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఆ మాట వాళ్లు ఫోన్‌లో చెప్పరు, మీరు అడిగితే కూడా "చూద్దాం లెండి" అంటారు. చూసేదేమీ లేదు, రాదు. మూడేళ్లకు రూ.75,000 చేతి నుంచి పెట్టుకోగలిగితేనే చేరండి.

తెలంగాణలో ఇంకో కొత్త దారి ఉంది. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చారు, అందరూ ఏటీసీలు అంటున్నారు. ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషినింగ్, రోబోటిక్స్ లాంటి కోర్సులు పెట్టారు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ మల్లేపల్లిలో ప్రారంభించినప్పుడు విద్యార్థులకు నెలకు రూ.2,000 ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. ప్రకటన వేరు, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేరు. అందుకని ఆఫీసులో అడక్కండి, ఇప్పటికే అక్కడ చదువుతున్న సీనియర్‌ని గేటు బయట పట్టుకుని "నీకు ఎన్ని నెలలది పడింది?" అని అడగండి. సరైన జవాబు అక్కడే దొరుకుతుంది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ కొత్త మెషీన్ల మీద చేయి పెట్టే అవకాశం కోసమైనా నేను ఏటీసీ సీటును ప్రైవేటు ఐటీఐ కంటే పైనే పెడతాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అనేది మీ చేతికొచ్చే డబ్బనుకోకండి

ఇది చాలామందికి అర్థం కాదు. ఆర్‌టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే తిండికీ హాస్టల్‌కీ ఇచ్చేది. మొదటిది కాలేజీకి సంబంధించిన వ్యవహారం, రెండోది మీది.

తెలంగాణలో ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు. బీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. మిగతా వర్గాలకు వేర్వేరుగా ఉంటుంది, ఆ ఏడాది నోటీసులో చూసుకోండి. ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో కొత్తగా తీయించండి, పాతది పెట్టి తర్వాత రిజెక్ట్ అయిందని ఏడ్చి లాభం లేదు. ఏపీలో జ్ఞానభూమి పోర్టల్, పరిమితి రూ.2.5 లక్షలు, విచారణంతా గ్రామ, వార్డు సచివాలయం వాళ్లు చూస్తారు. గత ప్రభుత్వంలో ఇవే విద్యా దీవెన, వసతి దీవెన. అప్పుడు వసతి కింద ఏడాదికి ఐటీఐ వాళ్లకు రూ.10,000, పాలిటెక్నిక్ వాళ్లకు రూ.15,000 తల్లి ఖాతాలో వేసేవారు. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు మారాయి, ఫీజు నేరుగా కాలేజీకే పంపే పద్ధతి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ 75 శాతం హాజరు ఉండాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇబ్బందల్లా ఆలస్యం. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిలు ఇవ్వమని బంద్ పెట్టేదాకా వెళ్లాయంటే అర్థం చేసుకోండి. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడితే కాలేజీ ఎవరి మెడ మీద కూర్చుంటుంది? మా చిన్నాన్న కొడుకు సంగతే చెబుతాను. ప్రైవేటు ఐటీఐలో ఫిట్టర్ చేశాడు, రెండో ఏడాది పరీక్షలకు వారం ముందు "ప్రభుత్వం నుంచి మీ ఫీజు రాలేదు, 12,000 కట్టు, వచ్చాక తిరిగిస్తాం" అన్నారు. కట్టకపోతే హాల్ టికెట్ లేదు. చిన్నమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి కట్టారు. రసీదు అడిగితే చిన్న స్లిప్పు మీద పెన్నుతో రాసిచ్చారు. ఆ డబ్బు తర్వాత వచ్చిందో రాలేదో ఎవరికీ తెలియదు, మావాడు రెండుసార్లు వెళ్లి అడిగి మానేశాడు, అప్పటికే సూరత్‌లో పనికి చేరిపోయాడు.

అందుకే చేరేరోజే మూడు మాటలు అడిగి తేల్చుకోండి. మీ ఐటీఐ పేరు పోర్టల్ జాబితాలో ఉందా, గత ఏడాది పిల్లలకు ఏ నెల దాకా వచ్చింది, రాకపోతే ఎవరు కట్టాలి. మూడోదానికి వాళ్లు నీళ్లు నమిలితే మీ జవాబు మీకు దొరికినట్టే. కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరు అచ్చయిన రసీదు తీసుకోండి. ఒరిజినల్ మెమోలు ఇచ్చినా వెనక్కి తీసుకున్నట్టు చూసుకోండి, పాలిటెక్నిక్‌లు ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోకూడదని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం కొత్త నిబంధనల ప్రకారం ఫీజుతో పాటు చిన్న భత్యం కూడా ఉంటుంది. ఐటీఐ, డిప్లొమా స్థాయికి ఇంటి నుంచి వెళ్లి వచ్చేవాళ్లకు ఏడాదికి రూ.2,500, హాస్టల్‌లో ఉండేవాళ్లకు రూ.4,000. చిన్న మొత్తమే, కానీ నేరుగా విద్యార్థి ఖాతాలో పడేది కాబట్టి వదులుకోవద్దు.

ఇప్పుడు హాస్టల్ మాట. పక్క జిల్లాలో సీటొచ్చిందని వదిలేసేవాళ్లకు నేను మొదట చెప్పేది సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్ల గురించే. తెలంగాణలో ఇంటర్ ఆపై చదువులవాళ్లకు నెలకు ఒక్కొక్కరి మీద పెట్టే భోజన ఖర్చు 2024లో రూ.1,500 నుంచి రూ.2,100కి పెంచారు. బయట గదిలో నలుగురు కలిసి ఉన్నా అద్దె, గ్యాస్, కూరగాయలు కలిపి తలకు ఎంతవుతుందో మీకే తెలుసు. నా లెక్కలో హాస్టల్ సీటు అన్నిటికంటే నమ్మకమైన స్కాలర్‌షిప్. బకాయి ఉన్నా లేకపోయినా సాయంత్రానికి కంచంలో అన్నం ఉంటుంది.

అమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరితే లెక్క మారిపోతుంది

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇంత పెద్ద మొత్తం డిప్లొమా స్థాయిలో అరుదు, అయినా మన ఊళ్లలో సగం మందికి దీని పేరు తెలియదు. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్. అమ్మాయిలకు మాత్రమే. ఏడాదికి రూ.50,000. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు, అంటే చిన్న ఉద్యోగస్తుల పిల్లలూ వస్తారు. దేశం మొత్తం మీద డిప్లొమాకు 5,000, డిగ్రీకి 5,000, రాష్ట్రాలవారీగా పంచుతారు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా తీసుకోవచ్చు. డిప్లొమాకు పదో తరగతి మార్కులే కొలమానం.

లెక్క వేయండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు రూ.4,700, దానికి రీయింబర్స్‌మెంట్ వస్తే మిగిలేది ఆ రూ.4,700, దానితో పాటు కాస్త ఎంటీఎఫ్. ప్రగతి వస్తే మూడేళ్లకు లక్షన్నర, అమ్మాయి సొంత ఖాతాలో. రెండూ కలిపి తీసుకోవడానికి నిబంధన ఒప్పుకోదు, ఒకటే ఎంచుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో చదివే మంచి మార్కులున్న అమ్మాయి ప్రగతికి దరఖాస్తు చేయకపోవడం అంటే చేతికందిన కూడు పారబోసుకోవడమే. ప్రైవేటులో అయినా ప్రగతి ఫీజును దాటి మిగులుతుంది. కాకపోతే ఇది పోటీ, వస్తుందో రాదో ముందే తెలియదు, వచ్చేదాకా ఇల్లు గడవాలి కదా. అందుకని ముందు రాష్ట్రం పోర్టల్ దరఖాస్తు వదలొద్దు, ప్రగతి మంజూరయ్యాక కాలేజీ స్కాలర్‌షిప్ గుమస్తా దగ్గరికెళ్లి ఏది ఆపాలో రాతపూర్వకంగా తేల్చుకోండి.

మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లో, నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లో మాత్రమే కొత్తగా దరఖాస్తు పెట్టగలరు. మొదటి ఏడాది దాటిపోతే ఇక కుదరదు. ఇంకో మాట, ఐటీఐకి ఇది వర్తించదు. వికలాంగ విద్యార్థులకు ఇదే పద్ధతిలో సక్షమ్ ఉంది, 40 శాతం వైకల్య సర్టిఫికెట్ కావాలి, అబ్బాయిలూ అర్హులే, అదీ రూ.50,000. తల్లిదండ్రులు లేని పిల్లలకు స్వనాథ్ పేరుతో ఉంది. మూడూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే పెట్టాలి.

బీడీ కార్డు ఉన్న ఇళ్లు ఇది చూడండి

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటికో బీడీ చేట ఉంటుంది, మా అమ్మ కూడా చుట్టేది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఆర్థిక సాయం ఒకటుంది. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ స్థాయికి ఏడాదికి రూ.6,000. గుర్తింపు కార్డు ఉండాలి, కనీసం ఆరు నెలల సర్వీసు ఉండాలి. ఇదీ నేషనల్ పోర్టల్‌లోనే. చాలా ఇళ్లలో కార్డు బియ్యం డబ్బా మీద పడి ఉంటుంది, దాని మీద పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. మా అమ్మ పేరు కార్డులో లచ్చవ్వ, ఆధార్‌లో లక్ష్మి. అలాంటివి మే నెలలోనే సరిచేయించుకోండి, గడువు దగ్గరపడ్డాక సరిచేసేవాడు దొరకడు.

ప్రభుత్వ శాఖలు కాకుండా వేరే సంస్థలు, బ్యాంకులు ఇచ్చే స్కాలర్‌షిప్‌ల గురించి ఎక్కువ రాయను. ఎల్ఐసీ గోల్డెన్ జూబిలీ స్కాలర్‌షిప్ ఐటీఐ, డిప్లొమా వాళ్లకూ ఉంది, పది పాసైన ఆడపిల్లలకు విడిగా ఒక భాగం ఉంది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు పరివర్తన్ పథకంలోనూ ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు పెట్టుకోవచ్చు, కుటుంబ ఆదాయం రూ.2.5 లక్షల లోపు, 55 శాతం మార్కులు ఉండాలి. విద్యాసారథి, బడ్డీ4స్టడీ సైట్లలో ఇలాంటివి ఒకచోట కనిపిస్తాయి. పెట్టండి, వస్తే పండగే అనుకోండి, కానీ దీన్ని నమ్ముకుని ప్రైవేటు సీటు తీసుకోవద్దు. దరఖాస్తుకు డబ్బు అడిగేవాడెవడైనా సరే ఫోన్ పెట్టేయండి.

డబ్బు పడిందంటారు, పాస్‌బుక్‌లో ఉండదు

మా మేనల్లుడి కథ ఇది. పోర్టల్‌లో స్టేటస్ చూస్తే డబ్బు జమ అయిందని ఉంది. బ్యాంకుకెళ్లి పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే 312 రూపాయలు. మూడు వారాలు బ్యాంకు, కాలేజీ, మీసేవ మధ్య తిరిగాడు. బ్యాంకువాళ్లు ఆధార్ లింకయ్యే ఉందన్నారు, అదీ నిజమే. చివరికి మా అక్క చిరాకుపడి నాకు ఫోన్ ఇచ్చింది. ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిచి చూస్తే వాడి ఆధార్ ఏదో పేమెంట్స్ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంది. రెండేళ్ల కిందట కొత్త సిమ్ కొన్నప్పుడు షాపువాడు "ఇక్కడ ఒక వేలు, ఇక్కడ ఇంకో వేలు" అని రెండుసార్లు వేలిముద్ర వేయించాడట. రెండోది ఖాతాకు. డబ్బంతా నిక్షేపంగా అందులో కూర్చుంది!

ఆధార్ లింక్ కావడం వేరు, సీడ్ కావడం వేరు. లింక్ ఎన్ని ఖాతాలకైనా ఉండొచ్చు, ప్రభుత్వం డబ్బు మాత్రం సీడ్ అయిన ఒక్క ఖాతాకే వెళ్తుంది, ఆఖరున ఏది సీడ్ చేస్తే అదే. దరఖాస్తు ఫారంలో మీరు ఏ ఖాతా నంబర్ రాశారన్నది ఆ డబ్బుకు పట్టదు. కాబట్టి దరఖాస్తుకు ముందే చూసుకోండి, ఐదు నిమిషాల పని. మార్చాలంటే మీకు కావలసిన బ్యాంకులో సీడింగ్ ఫారం ఇవ్వాలి, "ఎన్‌పీసీఐ మ్యాపింగ్" అంటే కౌంటర్‌లో వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

చదువుకు కట్టకుండా, తీసుకుంటూ నేర్చుకునే దారి

ఇంట్లో రెండేళ్లు ఆగే పరిస్థితి లేనివాళ్లు అప్రెంటిస్ దారి చూడాలి. పది పాసైతే చాలు, ఐటీఐ లేకుండానే కొన్ని ట్రేడుల్లో అప్రెంటిస్‌గా చేరొచ్చు. 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ చదువును బట్టి నెలకు రూ.5,000 నుంచి రూ.9,000. దీన్ని 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది, చేరేటప్పుడు ఇప్పటి రేటు ఎంతో అడగండి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, గరిష్ఠంగా రూ.1,500, ప్రభుత్వం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది, మిగతాది కంపెనీ ఇస్తుంది. రెండు ముక్కలుగా వస్తుంది కాబట్టి మొదటి నెల తక్కువొచ్చిందని కంగారు పడొద్దు. ఇక్కడా మళ్లీ ఆధార్ సీడింగే.

ఐటీఐతో పోలిస్తే? డబ్బు వెంటనే వస్తుంది, నిజమే. కానీ ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి తెరుచుకునే తలుపులు వేరు. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లకు పదిలో 50 శాతం మార్కులు, ఐటీఐ రెండూ ఉండాలి, పరీక్ష లేదు, ఆ రెండింటి మార్కుల సగటే మెరిట్. అక్కడ అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు రైల్వే లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం ప్రత్యేకంగా ఉంచుతారు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, సింగరేణి కూడా ఐటీఐ వాళ్లను తీసుకుంటాయి. అందుకని ఏడాదో రెండేళ్లో లాగగలిగితే ఐటీఐ చేసి, ఆ తర్వాత మంచి సంస్థలో అప్రెంటిస్ చేయమంటాను. ఐటీఐ రెండేళ్లు చేసి, బ్రిడ్జి కోర్సు (ఐటీఐకీ పాలిటెక్నిక్‌కీ మధ్య చేసే చిన్న కోర్సు), తెలంగాణలో ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష దాటితే పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కణ్నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికీ వెళ్లొచ్చు. నేరుగా అప్రెంటిస్‌కు పోయినవాడికి ఈ మెట్లు ఇంత సులువుగా దొరకవు.

పీఎం ఇంటర్న్‌షిప్ గురించి కూడా అడుగుతారు. 2024లో మొదలైనప్పుడు నెలకు రూ.5,000, ఒకసారి రూ.6,000 అన్నారు, ఐటీఐ వాళ్లూ అర్హులే. అయితే అప్పట్లో వయసు 21 నుంచి 24 ఉండాలన్నారు. అదే నిబంధన ఉంటే, పద్దెనిమిదేళ్లకు ఐటీఐ దాటేసిన పిల్లాడు మూడేళ్లు ఎదురుచూస్తూ కూర్చోడు కదా.

పూర్తిగా ఉచితం, కానీ చిన్న కోర్సులు

చదువు మధ్యలో ఆగినవాళ్లకు, ఇంట్లో ఇప్పటికే పని నేర్చుకున్నవాళ్లకు ఇవి. గ్రామీణ యువతకు డీడీయూ-జీకేవై అనే కేంద్ర శిక్షణ పథకం ఉంది, 15 నుంచి 35 ఏళ్లవాళ్లకు, వసతితో సహా ఉచితం, కనీసం మూడు నెలలు. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీల్లో (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో) మోటార్ రీవైండింగ్, ఫోన్ రిపేరు, ఏసీ, టైలరింగ్ లాంటివి కొన్ని వారాల్లో నేర్పిస్తారు, తిండి, మంచం వాళ్లదే. షాపు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇదే సరి, ఎందుకంటే శిక్షణ బ్యాంకు వాళ్లదే కాబట్టి తర్వాత లోన్ అడగడం తేలికవుతుంది. తండ్రి వెనకాల ఎప్పటినుంచో వడ్రంగమో తాపీపనో చేస్తున్న 18 దాటిన కుర్రాడైతే పీఎం విశ్వకర్మలో నమోదు చేయించండి, శిక్షణ రోజులకు రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. వీటి సర్టిఫికెట్లతో రైల్వేలోనో కరెంటాఫీసులోనో ఉద్యోగం రాదు, అది ముందే తెలుసుకుని వెళ్లండి.

లోన్?

నైపుణ్య కోర్సులకు రుణ పథకాన్ని 2024లో సవరించి, పరిమితిని లక్షన్నర నుంచి రూ.7.5 లక్షలకు పెంచారు, ఆస్తి తనఖా అక్కర్లేదు. వినడానికి బాగుంది. ఐటీఐ కోసం మాత్రం అప్పు వద్దంటాను. బయటికొచ్చాక మొదటి ఏడాది అప్రెంటిస్ స్టైపెండ్‌తో వాయిదా కట్టడం ఎలాగో ఒకసారి మీరే కాగితం మీద వేసి చూడండి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ సీఐటీడీలో టూల్ అండ్ డై మేకింగ్ (ఫ్యాక్టరీలకు అచ్చులు, పనిముట్లు చేసే పని) డిప్లొమా లాంటి గట్టి కోర్సులో సీటొస్తే అప్పుడు ఆలోచించొచ్చు, ఆ పనికి పరిశ్రమలో గిరాకీ ఉంది. అప్పుడు కూడా వడ్డీ చదువుకునే రోజుల్లోనే పెరుగుతుందా, తర్వాత మొదలవుతుందా అని మేనేజర్‌ని అడిగి, చెప్పింది కాగితం మీద చూపించమనండి.

మీరే నా ముందు కూర్చుంటే

నాన్న ఆటో, అమ్మ కూలి, పిల్లాడికి పదిలో 400 పైన మార్కులు అంటే ప్రభుత్వ ఐటీఐ ఎలక్ట్రీషియన్ లేదా ఫిట్టర్, సంక్షేమ హాస్టల్, ఈపాస్ లేదా జ్ఞానభూమి, తర్వాత రైల్వే అప్రెంటిస్. మార్కులు తక్కువైతే ప్రభుత్వంలో ఏడాది కోర్సు ఏది దొరికితే అది, ప్రైవేటు జోలికి వద్దు. అమ్మాయికి మంచి మార్కులుంటే ఐటీఐ ఆలోచన పక్కనపెట్టి పాలీసెట్ రాయించండి, ప్రభుత్వ పాలిటెక్నిక్, ప్రగతి. ఆదాయం పరిమితికి కాస్త పైన ఉండి రీయింబర్స్‌మెంట్ రానివాళ్ల పరిస్థితే అన్నిటికంటే ఇరకాటం, వాళ్లకు రాష్ట్రం నుంచి ఏమీ రాదు, ప్రైవేటులో చేరితే మొత్తం చేతి నుంచే. ప్రభుత్వ సీటు కోసం ఆఖరి విడత దాకా ఆగడమే వాళ్లకు నేను చెప్పగలిగింది, అమ్మాయైతే ప్రగతి పరిమితి 8 లక్షలు కాబట్టి అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు.

దరఖాస్తులో ఫోన్ నంబర్ ఇంటర్‌నెట్ సెంటర్ వాడిది ఇవ్వొద్దు. ఓటీపీలన్నీ వాడికి పోతాయి, రెండో ఏడాది రెన్యువల్‌కు వాడు షాపు ఎత్తేసి ఉంటాడు. అమ్మదో నాన్నదో, కోర్సు అయ్యేదాకా మార్చని నంబర్ ఇవ్వండి, దానికి నెల నెలా రీఛార్జ్ చేయించడం మర్చిపోకండి.